దీక్షా శిబిరంలో చర్మం డాక్టరు

నిద్రలో నడిచేవాళ్ళ గురించి మీరు వినే ఉంటారు. నేను నడుస్తూ నిద్రపోయే రకం. కళ్ళు తెరిచే ఉంటాయి, కాళ్ళు వాటి పని అవి చేసుకుపోతుంటాయి, మనిషిని మాత్రం అక్కడ ఉండను. ఈ గుణం పుణ్యమా అని ఒకే ఒక్క రోజులో, అదీ ఖాళీ కడుపుతో, నేను ఒక ఉద్యమంలో చేరాను, అసలు జరగని ఒక శిక్షణ తరగతికి హాజరయ్యాను, ఒక పెద్దమనిషి జబ్బును తార్నాక అంతా మార్మోగేలా చాటింపు వేశాను. ఎలాగో చెబుతాను. నవ్వడానికి మీకు పూర్తి హక్కుంది. నేను కూడా ఇప్పుడిప్పుడే నవ్వడం మొదలుపెట్టాను.

తెలంగాణ ఉద్యమం జోరుగా ఉన్న రోజులవి. నేను చర్మవ్యాధుల చదువు పూర్తిచేసి కొత్తగా ఒక ఆసుపత్రిలో చేరాను. మాది తెనాలి వైపు. నాన్నగారి ఉద్యోగం వల్ల నా చిన్నప్పుడే తార్నాక వచ్చి స్థిరపడ్డాం. ఇంట్లో నేర్పిన మర్యాద నా వైద్యంలోకి కూడా వచ్చేసింది. ఎంత చేదు మాటనైనా పంచదార పాకంలో ముంచి తీసి, ఆరబెట్టి, అప్పుడుగానీ రోగి చేతిలో పెట్టేదాన్ని కాదు.

ఆ పాకంలో పడి కొట్టుకుపోయినవాడు యాదగిరి గారు. అంబర్‌పేట్ మనిషి, రిటైరైన ఆర్టీసీ డ్రైవరు. ఏళ్ళ తరబడి బస్సు కిటికీలోంచి ఎండంతా కుడి చెంప మీదే పడిందేమో, కుడి కంటి కింద ఒక పుండు లేచి మానకుండా కూర్చుంది. చిన్న ముక్క తీసి పరీక్షకు పంపితే చర్మ క్యాన్సర్ అని తేలింది. మెల్లగా పెరిగే రకం. ఒళ్ళంతా తిరగదు గానీ ఉన్నచోటే తవ్వుకుంటూ పోతుంది, కంటిని కూడా వదలదు. త్వరగా కోసి తీసేస్తే ఆ పీడ అంతటితో పోతుంది.

ఈ సంగతి ఆయనకు నేను చెప్పిన తీరు వినండి. "కొంచెం తేడాగా ఉందండీ. తీసేస్తే మంచిది. వీలు చూసుకుని రండి."

ఆయన నమస్కారం పెట్టి వెళ్ళిపోయాడు. మళ్ళీ రాలేదు. ఫోన్ చేస్తే ఎప్పుడూ స్విచాఫ్.

మా విభాగం పెద్ద, సరోజినీ మేడమ్, ఈ కథ విని కళ్ళద్దాలు తీసి బల్ల మీద పెట్టింది. ఆవిడ కళ్ళద్దాలు తీసిందంటే ఎదుటివాడి పని అయిపోయినట్టే.

"వీలు చూసుకుని రమ్మన్నావా? అదేమన్నా సీమంతమా? క్యాన్సర్ అన్న మాట నోట్లోంచి రాలేదా నీకు?"

"భయపడతాడేమోనని, మేడమ్..."

"భయపడకుండా గుడ్డివాడైతే పరవాలేదా? డాక్టరంటే దారి చూపించేది. నలుగురిని నడిపించడం రావాలి నీకు. రేపు యూనివర్సిటీలో యువ వైద్యులకు నాయకత్వ శిక్షణ పెడుతున్నారు, పో. తెల్లకోటు వేసుకుని రమ్మన్నారు."

ఆ రాత్రి నాకు సరిగా నిద్ర పట్టలేదు. యాదగిరి గారి కుడి కన్నే కనిపించింది.

టిఫిన్ అక్కడే పెడతారని ఏమీ తినకుండా, పొద్దున్నే కోటు వేసుకుని బయల్దేరాను. బంద్ కాబట్టి ఆటోలు లేవు. తార్నాక చౌరస్తా నుంచి క్యాంపస్ వైపు నడక. మబ్బు పట్టి ఉంది. రోడ్డు మీద ఒక్క హారన్ లేదు. చెట్ల మీది నీళ్ళు ఆగి ఆగి రాలుతున్నాయి. అలాంటి నిశ్శబ్దంలో నాలాంటిదాన్ని ఒంటరిగా వదలడం ప్రభుత్వం చేసిన తప్పు. నాలుగడుగులు వేశానో లేదో, నేను నాయకురాలినైపోయాను. పెద్ద వేదిక మీద నిలబడి ఉన్నాను, కింద వేలమంది రోగులు, నేను వేలెత్తి చూపగానే అందరూ వరుసగా ఆపరేషన్ థియేటర్‌లోకి నడుస్తున్నారు. యాదగిరి గారు జెండా పట్టుకుని ముందు నడుస్తున్నాడు. నా కళ్ళల్లో నీళ్ళు కూడా తిరిగాయి.

ఆ నీళ్ళ మసకలోనే గేటు పక్కన షామియానా కనిపించింది. పరుపుల మీద తెల్లకోట్లు వేసుకున్నవాళ్ళు కూర్చున్నారు. వెనక బ్యానర్ మీద 'డాక్టర్ల' అన్న మాట చదివాను. అంతవరకే చదివాను. పూర్తిగా చదివే అలవాటుంటే ఈ కథే లేదు కదా!

చెప్పులు విప్పి లోపలికి వెళ్ళాను. రమ అనే పరిశోధక విద్యార్థిని ఎదురొచ్చింది. శిబిరం నడిపేది ఆమేనని తర్వాత తెలిసింది.

"రాండ్రి మేడమ్, గీడ కూసోండ్రి," అని బొట్టుపెట్టి, మెడలో బంతిపూల దండ వేసింది.

నేను పొంగిపోయాను. శిక్షణ అంటే ఇలా ఉండాలి! నేల మీద కూర్చోబెడితే అహంకారం పోతుంది, దండ వేస్తే ఆత్మవిశ్వాసం వస్తుంది. ఎంత ఆధునిక పద్ధతి! పిలవని పేరంటానికి వెళ్ళడమే తప్పంటారు. నేను వెళ్ళడమే కాక, ముందు వరసలో పీట కూడా వేసుకున్నాను.

రమ మైకు తీసుకుంది. "నాయకుడు ఎక్కడినుంచో వస్తడని ఎదురుసూసుడు బంద్ చెయ్యాలె. మనమే నాయకులం!"

ఎంత బాగా మొదలుపెట్టిందో చూడండి. పెన్ను తీసి రాసుకున్నాను కూడా. తర్వాత పాటలు వచ్చాయి, డప్పు వచ్చింది. కొలువుల గురించి, నీళ్ళ గురించి, మాట్లాడితే తమ భాషను వెక్కిరించే క్లాసురూముల గురించి పిల్లలు ఒక్కొక్కరే లేచి చెప్పారు. ఇన్నేళ్ళుగా ఆ క్యాంపస్ పక్కనే ఉంటూ వాళ్ళ మాట నేను మొదటినుంచి చివరిదాకా విన్నది ఆరోజే. సిగ్గుగా అనిపించింది. సిగ్గుతో పాటు ఆకలి కూడా వేసింది. టిఫిన్ జాడ లేదు.

మధ్యాహ్నానికి ఇక ఉండబట్టలేక చెయ్యెత్తాను. "ఏమండీ, భోజనాలు ఎన్నింటికండీ?"

శిబిరమంతా ఒక్కసారిగా నవ్వింది. ఎవరో చప్పట్లు కొట్టారు. పక్కనున్న డాక్టరు నా భుజం తట్టి, "మస్తు జోకేసిన్రు మేడమ్, రిలే నిరాహార దీక్షల భోజనమేంది!" అన్నాడు.

అప్పుడు వెనక్కి తిరిగి బ్యానర్ పూర్తిగా చదివాను. రోజుకొక వృత్తివాళ్ళు కూర్చునే దీక్ష. నిన్న లాయర్లు, రేపు టీచర్లు, ఇవాళ డాక్టర్లు. సాయంత్రం నిమ్మరసం ఇచ్చేదాకా పచ్చి మంచినీళ్ళే. బ్యాగులో ఫోన్ తీసి చూస్తే శిక్షణవాళ్ళ మెసేజ్ పొద్దుటినుంచీ నా కోసం ఎదురుచూస్తోంది: బంద్ కారణంగా కార్యక్రమం వాయిదా.

రమ నా 'అండీ'ని పట్టేసింది. "మేడమ్, మీది ఏ ఊరు?"

"తార్నాకేనండీ."

"అంతకు ముంగట?"

"తెనాలి," అన్నాను, సొంత ఊరి పేరు చెప్పడానికి అంత సన్నటి గొంతు నాకుందని నాకే తెలియదు.

చప్పట్లతో షామియానా లేచిపోయింది. "ఆంధ్రా డాక్టరమ్మ గూడ మనతోని కూసున్నది!" అని రమ మైకులో అరిచింది. ఫోటోగ్రాఫర్లు పరిగెత్తుకొచ్చారు. తాడిచెట్టు ఎందుకెక్కావంటే దూడమేత కోసమన్నట్టు ఏదో చెప్పి జారుకుందామనుకున్నాను. ఇంతలో రమ కార్డ్‌లెస్ మైకు నా చేతిలో పెట్టి, "నాలుగు ముచ్చట్లు చెప్పుండ్రి, మేడమ్," అంది.

నిలబడ్డాను. పొద్దున కలలో చూసిన వేదిక ఇదేనా అనిపించింది. తల తిరుగుతోంది. ఎదురు రోడ్డు మీద ఇడ్లీలు తెల్లకోట్లు వేసుకుని ఊరేగింపుగా వెళుతున్నట్టు కనిపించాయి. సరిగ్గా అప్పుడే రిటైరైన ఆర్టీసీ కార్మికులు సంఘీభావం చెప్పడానికి దండలు పట్టుకుని లోపలికి వచ్చారు. నా ముందుకొచ్చి దండ ఎత్తిన మనిషి ఎవరనుకున్నారు? యాదగిరి గారు. పుండు అంచు కిందిరెప్పకు ఇంకాస్త దగ్గరగా జరిగింది.

"ఏంది డాక్టరమ్మా, నువ్వు గీడ?"

"నా సంగతి సరే. మీరెందుకు మళ్ళీ రాలేదు?"

"వీలు చూస్కొని రమ్మంటివి గద. ఉద్యమంల వీలేడిది?"

ఆకలి రుచి ఎరుగదంటారు. ఆకలి మొహమాటం కూడా ఎరుగదని నేనంటాను. నాలోని పాకమంతా ఆ క్షణంలో ఆవిరైపోయింది.

"వీలూ లేదు, గీలూ లేదు. అది క్యాన్సర్. ఇప్పుడు కోసేస్తే పోతుంది. కొయ్యకపోతే కంటిలోకి తవ్వుకుంటూ పోతుంది. అర్థమైందా?"

అర్థమైందా... అర్థమైందా... అని చౌరస్తా నుంచి నా గొంతే నాకు తిరిగి వినిపించింది. మైకు నా గుండెకు ఆనుకుని ఉంది. ఆన్‌లో ఉంది. కరెంటు స్తంభాలకు కట్టిన లౌడ్‌స్పీకర్లు అడిక్‌మెట్ నుంచి మెట్టుగూడ దాకా ఆయన జబ్బును పంచిపెట్టాయి.

డప్పు ఆగిపోయింది. యాదగిరి గారు దండ చేతిలోనే పట్టుకుని పరుపు మీద కూలబడ్డాడు. నేను మైకు ఆపేసి, ఆయన పక్కన కూర్చున్నాను. భూమి చీలి నన్ను మింగేస్తే బాగుండుననిపించింది. ఒక మనిషి రహస్యాన్ని రోడ్డున పడేశాను.

"తప్పైపోయింది, యాదగిరి గారూ. ఆన్‌లో ఉందని చూసుకోలేదు."

ఆయన ఆ మాట విన్నట్టు లేదు. "క్యాన్సర్ అంటే పోవుడే గద?"

"కాదు. ఈ రకం అలాంటిది కాదు. చుట్టూ కాస్త మంచి చర్మంతో సహా తీసేసి కుట్లు వేస్తాం. మత్తు ఆ చెంపకే ఇస్తాం. మీరు మాతో మాట్లాడుతూనే ఉండొచ్చు."

"కన్ను?"

"ఇప్పుడొస్తే కన్ను ఉంటుంది. ఇంకా ఆలస్యం చేస్తే నేను మాటివ్వలేను."

ఆయన రోడ్డు వైపు తిరిగాడు. "ఇన్నేండ్లు బస్సు నడిపిన. ఒక్కల్ని గీసుకపోలే. గీ కన్ను లేకుంట ఎట్ల బతకాలె, బిడ్డా?" అన్నాడు. నాకు ఏడుపొచ్చింది, ఆపుకోలేదు.

వెనకనుంచి ఆయన పాత కండక్టరు కాబోలు, "యాదన్న ఆపరేషన్..." అని అందుకున్నాడు. "చేయించుకోవాలె!" అని శిబిరమంతా పలికింది. ఉద్యమ నినాదాల మధ్య ఒక శస్త్రచికిత్స కోసం నినాదాలు పుట్టడం వైద్యశాస్త్రంలో అదే మొదటిసారి అయ్యుంటుంది.

నేను మెల్లగా బ్యాగు సర్దుకోవడం మొదలుపెట్టాను. యాదగిరి గారు కండువాతో కళ్ళు తుడుచుకుని నన్ను ఎగాదిగా చూశాడు. "సరే, వస్త. గని ఒక్క షరతు. ఆకలైతున్నదని సంచి సర్దుకుంటున్నవ్, నేను సూస్తలేననుకున్నవా? పొద్దుగూకేదాక నువ్వు లేవద్దు. నువ్వు మధ్యల లేసిపోతే, నేను గూడ ఆపరేషన్ బల్ల మీదికెల్లి మధ్యల లేసిపోత."

ఇక చూడండి నా అవస్థ. ఎదురుగా బజ్జీల బండి. బంద్‌లో కూడా ఆ బండి ఒక్కటే ఎందుకు తెరిచారో నాకిప్పటికీ అర్థం కాలేదు. వాన సన్నగా మొదలైంది. షామియానా గుడ్డ మీద చినుకుల చప్పుడు, దూరంగా ఎవరిదో పాట, బజ్జీల వాసన, పక్కన యాదగిరి గారి ఊపిరి. కడుపులో ఏమీ లేక ఒళ్ళంతా దూదిలా తేలిపోతోంది. లేచి పారిపోదామనిపించినప్పుడల్లా ఆ కుడి కన్ను వైపు చూసి కూర్చున్నాను. వెలుతురు తగ్గాక ఆయనే నిమ్మరసం గ్లాసు నా నోటికి అందించాడు. అంత తియ్యటి పులుపు మళ్ళీ తాగలేదు.

ఇంటికొచ్చేసరికి నాన్నగారు టీవీ ముందు నిలబడే ఉన్నారు. "ఉద్యమంలో చేరుతున్నానని ఒక మాట చెప్పొచ్చుగా అమ్మా?"

"పొరపాటున చేరాను నాన్నా."

"పొరపాటున గుళ్ళోకి వెళ్ళినవాళ్ళున్నారు, పొరపాటున దీక్షకు కూర్చున్నదాన్ని నిన్నొక్కదాన్నే చూశాను," అని, అన్నం తనే వడ్డించారు. సరోజినీ మేడమ్ కూడా ఫోన్ చేసింది. శిక్షణకు వెళ్ళమంటే టీవీలోకి ఎక్కావేమిటని చివాట్లు పెట్టి, ఆపరేషన్‌కు మాత్రం తనే పక్కన నిలబడతానంది.

యాదగిరి గారు మాట తప్పలేదు. అంత చిన్న చోట, అంత కంటి దగ్గర కత్తి పెట్టడం నాకు అదే మొదలు. ఆయన బల్ల మీద పడుకుని తను నడిపిన రూట్లన్నీ స్టేజీ స్టేజీకి చెబుతూ పోయాడు. ఆఖరి స్టేజీ వచ్చేసరికి కుట్లు పూర్తయ్యాయి. అంచుల పరీక్ష రిపోర్టు వచ్చేదాకా నాకు అన్నం సహించలేదు. వచ్చింది. అంచులన్నీ శుభ్రం. కన్ను క్షేమం.

ఆయన్ని గదిలోకి పిలిచాను. తలుపు మూశాను. కిటికీ కూడా మూశాను. ఈసారి మర్యాద తప్పకూడదని ఆయన చెవి దగ్గరకు వంగి, గుసగుసగా, "మొత్తం పోయిందండీ. ఇక మీకు క్యాన్సర్ లేదు," అన్నాను.

ఆయన రెండు కళ్ళతో నన్ను మింగేసేలా చూశాడు.

"ఏందమ్మా నువ్వు! రోగమున్నదని ఊరంత మైకుల చెప్తివి, పోయిందని చెవుల చెప్తవా? నడువ్, శిబిరంకాడికి!"

నడిచాం. రమ మైకిచ్చింది, చెప్పాను. అందుకే ఇప్పుడు మీ అందరి సాక్షిగా ప్రతిజ్ఞ చేస్తున్నాను. ఇకమీదట బ్యానర్ చివరి అక్షరం దాకా చదవకుండా ఏ పరుపు మీదా కూర్చోను. చేదు మాటను పాకంలో ముంచను, మైకులో చెప్పను. పొద్దున టిఫిన్ తినకుండా మాత్రం ప్రాణం పోయినా ఎవరికీ నాయకత్వం వహించను.