సి బుక్కులో లేని పేరు

మొన్న ఏలూరులో పాత కార్ల ప్రదర్శన చూశాను. ఎర్రటి ఇటలీ స్పోర్ట్స్ కారు పక్కన బోర్డు మీద దాని యజమానుల పేర్లున్నాయి. పదేళ్లు దాన్ని కాపాడిన దెందులూరు వీర్రాజు గారి పేరు లేదు. అందుకే ఇది రాసిపెడుతున్నాను.

ఆయన మా పక్కింట్లో ఉండే డ్రైవరు గారు. ఆయన పనిచేసిన యజమాని చనిపోయే ముందు "నువ్వే ఉంచుకో వీర్రాజూ" అని నోటిమాటగా ఇచ్చిన కారు అది. అప్పట్లో నాకా సంగతి తెలియదు.

నా చిన్నప్పుడు ఒకరోజు ఆయన చుట్టాలు కారు చూడడానికి వచ్చారు. ఎండకు తోలు వాసన కొడుతున్న ముందు సీట్లో కూర్చుని, డాష్‌బోర్డులో దొరికిన సి బుక్కు తీసి, యజమానుల పేర్లు గట్టిగా చదివాను. లైబ్రరీలో చేరిన కొత్త. ఇంగ్లీషు చదవగలనని అందరికీ తెలియాలి.

"మీ పేరు లేదేంటండీ? మా లైబ్రరీలో కార్డు మీద పేరెక్కకుండా పుస్తకం పట్టుకెళ్తే దొంగతనమేనండీ!"

"దొరికిపోయావురోయ్ బావా!" అని ఒకాయన పగలబడి నవ్వాడు.

వీర్రాజు గారు నవ్వలేదు. "పాప చెప్పింది నిజమేలే" అన్నారు. మర్నాడే తాడేపల్లిగూడెంలో యజమాని కొడుక్కి కారు అప్పగించి, బస్సులో తిరిగొచ్చారు. మంచిపని చేశాననుకుని చాలాకాలం గర్వపడ్డాను.

ఆ నోటిమాట సంగతి ఈమధ్యే చెప్పిన ఆయన కూతురు కుమారి గారికి కృతజ్ఞతలు. ఆరోజు సి బుక్కు చదివిన పాప నేనేనని ఆవిడకి ఇంకా చెప్పలేదు.