దసరా విత్తు, ఉగాది విత్తు

మా అత్త పోయింది. ఉగాది ఇంకా వారం ఉందనగా, పొద్దున్నే కాఫీ తాగి, గ్లాసు కడిగి బోర్లించి, వచ్చి మంచం మీద కూర్చుని అలాగే పక్కకు ఒరిగింది. నేను స్నానం చేసి వచ్చేసరికి అంతా అయిపోయింది. పక్కన పళ్లెంలో బటానీ పూల ఎండుకాయలు సగం ఒలిచినవి సగం ఒలవనివి ఉన్నాయి.

మధ్యాహ్నానికి వీధి వాట్సాప్ గ్రూపంతా ఒకటే మాట, ఎవరి మీదా కోపం ఎరగని తల్లి అని. తెలియని వాళ్లు రాశారులే అనుకున్నాను. కానీ శవం తలాపున కూర్చున్న మా పెద్దత్త కూడా అదే మాట అంది. పెద్దత్త అంటే మా అత్తకు తోడికోడలు, గోడకు అవతలి ఇల్లు. కొంగు నోటికి అడ్డం పెట్టుకుని, అందరూ వినేలా, "ఎవురి మిందా కోపం ల్యాకుండా బతికిపాయె మా చెల్లెలు" అంది.

నా ఒళ్లు మండిపోయింది. మా అత్తకు కోపం ఉంది. ఒకే ఒక్క మనిషి మీద, వయసులో ఉన్నప్పటి నుంచి ఆఖరి కాఫీ దాకా, శ్రద్ధగా పెంచుకున్న కోపం. అది ఎవరి మీదో ఆ మనిషే వచ్చి కూర్చుని, అలాంటిదేమీ లేదు పొమ్మంటే ఊరుకోవడానికి నేను అంత మంచిదాన్ని కాను. అత్త పోయి ఏడాది కావస్తోంది కాబట్టి ఆమె సంగతి నాలుగు మాటలు రాస్తున్నాను. పెద్దత్తకు చదవడం వచ్చు, కళ్లద్దాలు కూడా ఉన్నాయి.

కమలాపురంలో మాది ఒకప్పుడు ఒకే ఇల్లు. అన్నదమ్ములు భాగాలు పంచుకున్నప్పుడు దక్షిణపు సగం పెద్దమామకు, ఉత్తరపు సగం మా మామకు వచ్చింది. పెరట్లో నడుమెత్తు గోడ కట్టుకున్నారు. తోడికోడళ్లిద్దరూ ఆ గోడ మీద చేతులు పెట్టుకుని మాట్లాడుకునేవాళ్లట. ఒక ఏడాది మా అత్త పుట్టింటికి పోయి వచ్చేసరికి గోడ మనిషెత్తు లేచి ఉంది. ఎందుకు లేపావక్కా అని అడిగితే, "మీ పెరట్లో దుమ్ము వచ్చి మా వడియాల మింద పడతాండాది" అందట పెద్దత్త.

చలికాలమంతా సూర్యుడు దక్షిణానికి వాలి నడుస్తాడు. ఆ గోడతో మా పెరటికి ఎండ పోయింది. మిరపకాయలు ఎండబెట్టాలన్నా, వడియాలు పెట్టాలన్నా మా అత్త మోకాళ్ల నొప్పులతో మిద్దె ఎక్కాల్సి వచ్చింది. వాళ్ల వడియాలు మాత్రం నేల మీదే కరకరలాడేవి. నేను కోడలిగా వచ్చిన కొత్తలో, గట్టిగా అడగొచ్చు కదా అత్తా అన్నాను. "కోపం వచ్చినప్పుడు నోరు తెరవగూడదు పాపా. ఇత్తనాలు నానబెట్టుకోవల్ల" అంది. అప్పుడు ఆ మాట నాకు అర్థం కాలేదు.

విత్తనాల సంగతి చెప్పాలి. అత్త తమ్ముడు బెంగళూరులో పూల ప్రదర్శనకు పోయి ఒక ప్యాకెట్ తెచ్చిచ్చాడు. స్వీట్ పీ అని దాని మీద ఉన్న పేరు. తీగ, ఆకు, కాయ అన్నీ బటానీ లాగే ఉంటాయి, కాయ మాత్రం తినకూడదు. అందుకని మా ఇంట్లో వాటికి బటానీ పూలనే పేరు పడింది. లేత గులాబీ, ఊదా, తెలుపు. వాసన ఎలా ఉంటుందంటే, నారింజ తొక్క ఒలిచిన చేతికి తేనె అంటినట్టు. ప్యాకెట్ మీద వసంతంలో విత్తమని ఉందట. మా వాళ్లకు వసంతమంటే ఉగాదే. పైగా ఏ కొత్త పని మొదలుపెట్టినా ఆ రోజే మొదలుపెట్టే ఇల్లు మాది. పచ్చడి తిని, దండం పెట్టుకుని, మంచి ఘడియ చూసి విత్తారు. జానెడు మొలిచాయి. చైత్రం దాటకుండానే మాడి నేలకు అంటుకుపోయాయి. మంచు కరిగాక వచ్చే ఎక్కడిదో వసంతాన్ని మా కమలాపురం ఎండలో వెతికితే ఏముంటుంది?

ప్యాకెట్లో సగం మిగిలాయి. మా అత్త వాటిని దాచిపెట్టి, తీగ చూస్తే శనగ కులంలాగే ఉంది కదా, శనగ వేసేటప్పుడే వేద్దామనుకుంది. మా నల్లరేగడిలో శనగ వేసేది వానలు తగ్గి మంచు మొదలయ్యేటప్పుడు. దసరా నాడు, గోడ నీడలో, వేలు కణుపంత లోతున ఒక్కొక్క గింజా గుచ్చింది. కందికట్టె పాతింది. సంక్రాంతి దాటేసరికి తీగ గోడ ఎక్కింది, పూసింది. వేరుకు నీడ కావాలి, తలకు ఎండ కావాలి దానికి. ఆ రెండూ ఇచ్చింది పెద్దత్త కక్షతో లేపిన గోడే. ఈ సంగతి తలచుకుని మా అత్త ఎంత మురిసిపోయేదో చెప్పలేను.

కానీ ఆ మురిపెం పూర్తిగా దక్కలేదు. పువ్వు ఎండ వైపు తిరుగుతుంది. ఎండ ఉండేది పెద్దత్త వైపు. నీళ్లు పోసేది మేము, కట్టెలు పాతేది మేము. గోడ మీద మాకు కనబడేవి పూల వీపులు. ముఖాలన్నీ అటువైపే. పెద్దత్త వాటిని తెల్లారేసరికి శుభ్రంగా కోసేసేది. కోసుకున్నది దేవుడికి పెట్టినా ఊరుకుందుము. ముడిలో తురుముకుని, సరిగ్గా మా గడప ముందు నుంచే బజారుకు నడిచేది. పెద్దమామ పోయాక తలలో పెట్టుకోవడం మానేసి, ఒక గాజు గ్లాసులో నీళ్లు పోసి, వీధి కిటికీలో పెట్టడం మొదలుపెట్టింది. మేము ఎటు పోవాలన్నా ఆ కిటికీ దాటే పోవాలి.

మా అత్త కిటికీ వైపు చూడనట్టే నడిచేది. ఇంట్లోకి వచ్చి మాత్రం, "ఈపొద్దు ఊదావి ఎక్కువ కోసిండాది" అనేది.

ఒక ఏడాది పెద్దత్త పాలు పోసే ఆమెతో కబురు పెట్టింది, తనకూ నాలుగు విత్తనాలు ఇమ్మని. నేనైతే చచ్చినా ఇవ్వనందును. మా అత్త ఇస్తానంది. కానీ అప్పుడే ఇవ్వలేదు. ఉగాది దాకా ఆగింది. ఉగాది నాడు తల స్నానం చేసి, గిన్నెలో పచ్చడి, పక్కన కాగితంలో పిడికెడు విత్తనాలు పట్టుకుని, వీధి వాకిట్లోంచే వాళ్లింటికి పోయింది. నేనూ వెంట పోయాను.

"ఏసుకో అక్కా. దినం మంచిది" అంది.

అంతే. ఒక్క అబద్ధం ఆడలేదు. పెద్దత్త ఆ రోజే, మా ఎదురుగానే, ఎర్రటి ఎండలో విత్తింది. తర్వాత రోజూ మా అత్త పెరట్లో రోలు ఎక్కి గోడ మీంచి చూసేది. మొలక వచ్చినప్పుడు చూసింది, జానెడు లేచినప్పుడు చూసింది, వాడి తల వాల్చినప్పుడు ఎక్కువసేపు చూసింది. కిందికి దిగి, "పాపం" అంది. ఆ పాపం అనే మాటను అంత తీపిగా అన్న మనిషిని నేను మళ్లీ చూడలేదు.

అప్పటి నుంచి ప్రతి ఉగాదికీ అదే తంతు. విత్తనాలు ఏరేటప్పుడు నేను పుచ్చువి, నలిగినవి పెద్దత్త వాటాకు తోసేదాన్ని. అత్త వాటిని తీసి పారేసి, బొద్దుగా ఉన్నవి ఏరి పెట్టేది. "చెడ్డ ఇత్తనం ఇస్తే పాపం నాది. మంచి ఇత్తనం కానికాలంలో ఏసుకుంటే ఆయమ్మది" అనేది. పగలో కూడా ఇంత పద్ధతి ఉంటుందని నేను ఆమె దగ్గరే నేర్చుకున్నాను. ఇంకా చాలా నేర్చుకున్నాను. పప్పులో ఉప్పు ఎప్పుడు వేయాలో, జ్వరం వచ్చిన బిడ్డ నుదుటి మీద చెయ్యి ఎంతసేపు ఉంచాలో, మొగుడి మీద అలిగినప్పుడు అన్నం మాత్రం ఎందుకు మానకూడదో. నా కాన్పు కష్టమైనప్పుడు ఆసుపత్రి వరండాలో నిలబడే ఉందట, కూర్చుంటే నాకేదో అవుతుందన్నట్టు. కన్నతల్లి అంత అని రాస్తే ఆమెకు నచ్చదు. అత్తగానే ఉండి నన్ను బాగా చూసుకుంది.

ఆమె ఎప్పుడూ చెప్పే మాట ఇంకొకటి ఉంది. "ఈ పూలు కోస్తేనే పూస్తాయి పాపా. కోయకుంటే కాయ పడతాది. కాయ పడితే తీగె నా పని అయిపాయె అనుకుంటాది." అందుకే కనబడిన ప్రతి పువ్వూ కోయించేది. విత్తనానికని ఆఖర్లో కొన్ని వదిలేది.

ఆమె పోయిన వారానికి ఉగాది వచ్చింది. గోడ ఎంత ఎత్తున్నా మైల మాత్రం రెండిళ్లకూ ఒకటే కాబట్టి, ఇక్కడా పండగ లేదు, అక్కడా లేదు. నేను పళ్లెంలోని కాయలు మిగతావి ఒలిచి, బొద్దువి ఏరి, కాగితంలో చుట్టుకుని పోయాను. మా అత్త మొదలుపెట్టినదాన్ని నా చేతుల్లో ఆగనివ్వదలుచుకోలేదు.

పెద్దత్త వాకిట్లో ప్లాస్టిక్ కుర్చీలో కూర్చుని ఉంది.

"ఏసుకో పెద్దత్తా. దినం మంచిది" అన్నాను.

కాగితం విప్పి చూసింది. "మంచిదే. ఎండకు మంచిది" అంది. తర్వాత నా ముఖంలోకి చూసింది. "ఇవి దసరాకు ఏయవల్ల. నాకు తెల్దనుకున్యారా అత్తాకోడండ్లు? గోడకు ఈపక్క ఉండా గాని గుడ్డిదాన్ని గాను."

"మరి ఉగాదికి ఎందుకేస్తాంటివి?" అన్నాను.

"మీయత్త ఏడాదంతా బిడ్డల్ని సాకినట్ల సాకి, శానా మంచివి ఏరి, తన చేత్తో తెచ్చిస్తాది. నేను ఆయమ్మ కండ్ల ముందరే ఎండకు మాడుస్తా. రోలెక్కి చూస్తాంటే నాకు కనపడదా? ఇంతకంటే నాకేం కావల్ల?"

ఇన్నేళ్లూ మేము గెలుస్తున్నామనుకున్నాం. ఇంటికి వచ్చి ఈ సంగతి చెప్పడానికి అత్త గదిలోకి సగం దూరం పోయాను కూడా. ఖాళీ మంచం చూశాక గుర్తొచ్చింది. ఆమె పోయాక నాకు బాగా ఏడుపొచ్చింది ఆ రోజే. సగం దుఃఖం, సగం ఉక్రోషం.

దసరాకు నేను విత్తాను. అదే గోడ నీడ, అదే కణుపు లోతు, కొత్త కందికట్టె. ఈసారి తీగలు గోడ దాటకూడదని దారాలతో కిందికి కట్టాను. పుష్యమాసంలో దారాలు తెంపుకుని మరీ ఎక్కి అటు తిరిగాయి. కోసుకోనీలే, చూస్తానని పళ్లు నూరుతూ కూర్చున్నాను.

పెద్దత్త కోయలేదు.

రోజూ బజారుకు పోతూ కిటికీ చూసేదాన్ని. గ్లాసు ఉంది, ఉత్తదే. రోలు ఎక్కి చూస్తే, అటువైపు పూలు పూసినవి పూసినట్టే ముడుచుకుని, కాయ దిగుతున్నాయి. మా వైపు నేను ఎన్ని కోసినా లాభం లేకపోయింది. కొత్త మొగ్గలు సన్నబడిపోయాయి. చలి ఇంకా పోనేలేదు, తీగ మాత్రం తన పని అయిపోయిందనుకుంటోంది. ఇన్నేళ్లూ అది శివరాత్రి దాకా పూసింది మా అత్త నీళ్లతో ఒక్కటే కాదు, పెద్దత్త దొంగతనంతో కూడా అని అప్పుడు తెలిసింది.

రోలు మీంచే అడిగాను. "ఏం పెద్దత్తా, ఈసారి పూలు కోస్తాండలేదే?"

ఆమె ఎండలో కాళ్లు చాపుకుని కూర్చుని ఉంది. చాలా ముసలిదైపోయింది ఈ ఏడాదిలో.

"ఎవురి మింద కోయల్ల?" అంది.

"గ్లాసు ఉత్తగా ఉండాది."

"చూసే మనిషి పాయె గదమ్మే."

నిజం చెబుతాను. ముందు సంతోషం కలిగింది, ఆమె ఓడిపోయిందని. వెంటనే ఇంకొకటి తట్టింది. ఈమె ఇలా చేతులు ముడుచుకుని కూర్చుంటే మా అత్త తీగ ఎండిపోతుంది. బతికున్నప్పుడు లాక్కుంది చాలక, పోయాక జాలి పడి మా అత్త పూలను చంపుతుందా? ఈమె జాలి ఎవరిక్కావాలి?

"నేను చూస్తాండా గదా" అన్నాను. "మా అత్త పూల మింద చెయ్యి పడిందంటే బాగుండదు చెప్తాండా. గోడ ఇంగా రెండు వరసలు లేపిస్తా."

పెద్దత్త తల ఎత్తింది. కళ్లకు చెయ్యి అడ్డం పెట్టుకుని, రోలు మీద నిలబడ్డ నన్ను చాలాసేపు చూసింది.

"నువ్వా? లేపు. చూస్తా" అంది.

మరుసటి పొద్దున గోడకు అటువైపు ఒక్క పువ్వు లేదు, ఒక్క కాయ లేదు. పూల కాడలన్నీ మొదలంటా తెంపేసింది. కొన్ని చోట్ల తెంపిన దగ్గర ఇంకా తడి ఉంది. బజారుకు పోతూ చూశాను, వీధి కిటికీలో గ్లాసు పట్టనన్ని పూలు, అన్నీ రోడ్డు వైపు తిప్పి పెట్టి ఉన్నాయి. చూడనట్టే నడిచి వచ్చాను.

ఇంటికొచ్చి, "ఈపొద్దు ఊదావి ఎక్కువ కోసిండాది" అన్నాను, ఖాళీ గదిలోకి చూసి.

తీగ మళ్లీ మొగ్గ తొడిగింది. విత్తనానికని మా వైపు అడుగున నాలుగు కాయలు వదిలాను. ఉగాదికి పెద్దత్తకు ఇవ్వాలి కదా, బొద్దువే ఏరుతాను.