తిరుగు బాట

కెనడాలోని సర్రీలో నేను అద్దెకున్న బేస్‌మెంట్ ఫిజీ దీవుల తెలుగావిడది. చెరకు తోటల్లో కూలి పనికని వాళ్ళ తాతను ఎప్పుడో ఓడెక్కించారట. బడిలో ఒక్క తెలుగక్షరం నేర్చుకోకపోయినా ఆవిడ నోట తెలుగు బతికే ఉంది. మొదటిరోజు "బువ్వ తిన్నావా బాబూ?" అని అడిగితే నోరెళ్ళబెట్టాను. విమానాల నిండా మా స్టూడెంట్లే దిగుతున్న రోజులవి. గదికి నలుగురం, నలుగురి తెలుగులోనూ సగం ఇంగ్లీషే.

ఆ టర్మ్‌లో లీడర్‌షిప్ అనే కోర్సు నా ప్రాణం తీసింది. అప్పటికే ఒకసారి ఫెయిలయ్యాను. రెండోసారీ పోతే కాలేజీ పంపించేస్తుంది, స్టడీ పర్మిట్ పోతుంది, పెట్టె సర్దుకుని ఇంటికెళ్ళాలి. అంతా చివరి ప్రెజెంటేషన్ మీదే ఉంది. దేశ నాయకుడైన ఒక సైన్యాధిపతి జీవితం చెప్పమన్నారు. నేను ఫిజీ సైన్యాధిపతిని పట్టుకున్నాను. ఇంట్లోనే ఫిజీ ఆవిడ ఉంది, నాలుగు ముక్కలు అడిగితే మార్కులు కొట్టేయొచ్చని నా తెలివి.

నిజం చెప్పొద్దూ, చదివేకొద్దీ ఆ మనిషిని చూస్తే ఆశ్చర్యం పెరిగిపోయింది. సముద్రం మధ్య చిన్న దీవుల నుంచి శాంతిసేనతో ఎడారి దేశాలకు వెళ్ళడం, వెనక్కొచ్చి ఒక్క పూటలో ప్రభుత్వాన్ని దింపేయడం, కొన్నేళ్ళకు యూనిఫాం వదిలి ఎన్నికల్లో గెలిచి ప్రధానమంత్రి కావడం! బస్ పాస్ పోతేనే రెండు రోజులు కోలుకోని మనిషిని నేను.

ఆదివారం మధ్యాహ్నం ఆవిడ వంటింట్లో లాప్‌టాప్ తెరిచి, ఆవిడ కోసం తెలుగులో రిహార్సల్ మొదలుపెట్టాను. ఆవిడ ఎదురుగా కూర్చుని చేమాకుల ఈనెలు తీస్తోంది. "సైనిక తిరుగుబాటుతో ఆయన జీవితం మారిపోయింది" అన్నాను గొప్పగా.

ఆవిడ చేతులు ఆగాయి. "తిరుగు బాటా? ఎక్కడికి తిరిగొచ్చేడు?"

నాకు నవ్వాగలేదు. పుస్తకాల మాట ఆవిడకేం తెలుసు, వెనక్కొచ్చే దారి అనుకుంది. "అది కాదాంటీ, సిపాయిలు మీ ఇండియన్లు ఎక్కువున్న గవర్నమెంటును దింపేశారు కదా, అది" అని విడమరిచాను.

"ఓ, అదా. నేనప్పుడు బువ్వ వండుతున్నాను. రేడియోలో చెప్పేరు. మీ అంకులు పొయ్యి ఆర్పేసి తలుపేసేడు. మమ్మల్ని ఎవరూ ఏటీ అనలేదు బాబూ. కానీ ఆ రోజు నుంచి మాకు అక్కడ నిద్ర పట్టలేదు. రెండు పెట్టెలతో ఇక్కడికొచ్చేం." ఇంకో ఆకు అందుకుంది. "సిపాయిలకు తిరుగు బాట ఉంది. పనయ్యేక బారకాసుకు పోయేరు. మాకే లేకపోయింది. ఇండియా పోదామంటే మా తాత ఊరి పేరైనా మాకు తెలీదు."

నా నవ్వు ఎటు పోయిందో తెలియదు. ఇంటికి పంపించేస్తారని నెల రోజులుగా ఏడుస్తున్నవాణ్ణి. పంపించడానికి నాకో ఇల్లుంది! ముందు సిగ్గేసింది, తర్వాత ఆవిణ్ణి చూస్తుంటే ఒళ్ళు గగుర్పొడిచింది. వెనక్కి దారి లేదని తెలిసి కూడా ముప్ఫై ఏళ్ళు ఆఫీసులు తుడిచి, పిల్లలిద్దర్నీ చదివించి, ఇల్లు కొని, ఆ ఇంట్లో మాలాంటివాళ్ళకు చోటిచ్చింది. సైన్యాన్ని నడిపినవాడి ధైర్యం పన్నెండు స్లైడ్లలో సరిపోయింది. ఈవిడది ఎన్నింట్లో పెట్టాలో నాకు అర్థం కాలేదు.

క్లాసులో ఆయన కథ ఉన్నదున్నట్టు చెప్పాను, గొప్పతనం ఏమీ తగ్గించలేదు. చివర్లో, ముందే ఆవిడ ఒప్పుకున్నాకే, ఆవిడ మాటలు కూడా చెప్పాను. ప్రొఫెసర్ ఒకే ఒక్క ప్రశ్న వేశారు: "ఆవిడ మళ్ళీ ఎప్పుడైనా ఫిజీ వెళ్ళారా?" అది ఆవిణ్ణే అడగాలన్నాను. అయినా గట్టెక్కేటన్ని మార్కులొచ్చాయి.

ఇంటికొచ్చి పాసయ్యానని చెప్పి, ఆ ప్రశ్న ఆవిణ్ణే అడిగాను.

"ఒక్కసారి పోయేను" అంది. "ఎయిర్‌పోర్టులో పిల్ల ఎంత మర్యాదగా నవ్విందో! ఫిజీకి మొదటిసారి వస్తున్నారా ఆంటీ అని అడిగింది."

"మీరేమన్నారు?"

"అవునన్నాను."