ముందు గుమ్మంలో పెరుగు గిన్నె

తొంభైల్లో డిగ్రీ ఆఖరి పరీక్షలప్పుడు ఢిల్లీ జనక్‌పురిలో మేడమీద గదిలో అద్దెకుండేదాన్ని. ఇంటావిడ పంజాబీ ఆంటీ, భర్త పోయారు. అలాంటివాళ్లు ఎదురొస్తే వెళ్లిన పని కాదని మా నాయనమ్మ అనేది. అందుకే పరీక్షరోజుల్లో ఆవిడ కంటపడకుండా వెనక మెట్లు దిగి వెళ్లేదాన్ని.

ఆఖరి పరీక్షనాడు హాల్‌టికెట్ మరిచిపోయి, బస్టాపు నుంచి పరుగున వచ్చాను. హడావుడిలో ముందు గుమ్మంలోకే వచ్చేశాను. చక్కెర కలిపిన పెరుగు గిన్నెతో ఎదురుగా ఆంటీ!

“అచ్ఛా, దొరికావు బేటీ! పరీక్షకి ముందు ఇది తింటే శుభం. నాలుగు పరీక్షలకీ ఇక్కడే నిలబడ్డాను. ఎటునుంచి వెళ్లిపోతున్నావు నువ్వు?” అన్నారు హిందీలో.

తల దించుకుని తిన్నాను.

పరీక్ష బాగానే రాశాను. ఆ నాలుగు రోజుల పెరుగూ ఏమైందని అడగడానికి మాత్రం నాకు నోరు రాలేదు.