గడప దాటని సూర్యప్రకాశరావు

సూర్యప్రకాశరావు మా ఇంటి గడప దాటడు. షెఫీల్డ్‌లో మా వీధి చివరే అతని ఇల్లు. నాలుగేళ్ళపాటు రోజూ పదకొండింటికి వచ్చి, బెల్లు ఒక్కసారి నొక్కి, మంచు పడుతున్నా సరే మెట్టు మీదే నిలబడ్డాడు. తలుపు తీయగానే ముందు వాచీ చూసుకునేవాడు. నా మొహం తర్వాత.

"లోపలికి రావయ్యా, చలి!" అంటే పాఠం మొదలయ్యేది. యూనివర్సిటీలో మెదడు మీద పరిశోధన చేసే ల్యాబులో ముప్పై ఏళ్ళు పనిచేసినవాడు మరి.

"డోపమైన్ అణువు నాడీకణంలోకి వెళ్తుందా సుబ్బయ్యా? వెళ్ళదు. కణం గుమ్మంలో రిసెప్టర్ ఉంటుంది. ఆకారం సరిపోయిన అణువొచ్చి దానికి అతుక్కుంటుంది. రిసెప్టర్ కాస్త ఒళ్ళు విరుచుకుంటుంది. కబురు లోపలికి పోతుంది. అణువు ఊడి తన దారిన పోతుంది. నేనూ అంతే."

"ఇంతకీ నువ్వు తెచ్చిన కబురు?"

"రేపు చెత్తబండి వస్తుంది, బ్లూ బిన్ బయట పెట్టాలి."

"దానికింత పురాణమా? పోనీ, నేను రావడం ఆలస్యమైతే రెండోసారి నొక్కొచ్చుగా, నీ సొమ్మేం పోయింది?"

"అదేపనిగా నొక్కితే రిసెప్టర్ మొద్దుబారుతుంది. ఒక్కసారే!"

నేనేమీ సామాన్యుణ్ణి కాను. ఊరి బళ్ళో ఏడో తరగతి చదివి, ఈ దేశమొచ్చి ఇరవై ఎనిమిదేళ్ళు సిటీ బస్సు నడిపాను. బండికి ఒక్క గీత పడలేదు. ఈ చలిలో గోంగూర పండించి కౌన్సిల్ తోటల పోటీలో కప్పు కొట్టాను. అదేం ఆకో జడ్జీలకు ఇప్పటికీ తెలియదు. అలాంటి నన్ను ఒక కుర్చీ కట్టేసింది. మా ఆవిడ ఆండాళమ్మ చనిపోయిన ఏడాదే నాకు పార్కిన్సన్స్ అన్నారు. డోపమైన్ తయారుచేసే కణాలు తగ్గాయట. కాలు లేవదు. లేవాలని మనసుకూ లేదు.

ఆమె ఫిల్టరులోనే డికాక్షన్ దించి రోజూ రెండు గ్లాసుల కాఫీ కలిపేవాణ్ణి. ఎదురుగా ఒక మనిషి కూర్చుని తాగుతుంటే చూడాలని ఆశ. రెండో గ్లాసు చల్లారిపోయేది.

ఒకరోజు పక్క ఫ్లాటులో ఉండి మాస్టర్స్ చదివే హైమ వచ్చి చెప్పింది. "రావు అంకుల్ నిన్న మా ఇంటికొచ్చారంకుల్. ఉప్మా మూడుసార్లు పెట్టించుకున్నారు. సోఫాలో గురక కూడా పెట్టారు!"

నాకు ఒళ్ళు మండిపోయింది. మర్నాడు బెల్లు మోగగానే గోడ కూడా పట్టుకోకుండా వెళ్ళి తలుపు తీశాను.

"ఆ పిల్ల దగ్గర ఉప్మా తినే అణువువి, నా దగ్గర మెట్టు మీది అణువువా?"

రావు వాచీ చూశాడు. మొహం వెలిగిపోయింది.

"నలభై సెకన్లు! మొదటిరోజు ఎనిమిది నిమిషాలు పట్టింది నీకు. నేను లోపలికొచ్చానంటే రేపట్నుంచి తాళంచెవి నా చేతిలో పెట్టి, కుర్చీలోంచే 'రావయ్యా' అంటావు. నాకు తెలీదా నీ సంగతి?"

లోపలికి వెళ్ళి రెండు గ్లాసులూ తెచ్చాను. మెట్టు మీద నిలబడే ఇద్దరం తాగాం. ఆ రోజు రెండో గ్లాసు చల్లారలేదు.

పోయిన మార్చిలో కూతురొచ్చి అతన్ని గ్లాస్గో తీసుకెళ్ళింది. పదకొండయ్యేసరికి నా చెవి ఇప్పటికీ తలుపు మీదే ఉంటుంది. బెల్లు మోగదు. ఫోను మోగుతుంది. మొన్న ఆగలేక మొదటి రింగుకే ఎత్తాను.

"ఇంత తొందరగానా? ఫోను కుర్చీ పక్కన పెట్టుకున్నావు కదూ! తీసుకెళ్ళి గుమ్మం దగ్గర పెట్టు. మళ్ళీ చేస్తాను. ఒక్కసారే!"

పెట్టాను. మళ్ళీ కుర్చీ దాకా ఎవరు వెళ్తారని అక్కడే నిలబడ్డాను.