కేబుల్ పీకినా పలికిన నంబరు

అనకాపల్లి హైవే పక్కన చెరకు క్రషర్లకు రోలర్లు, షాఫ్టులు చేసే వర్క్‌షాపులో నానాజీ కరెంటు పని చూస్తాడు. చదివింది టెన్త్. మోటార్లు చుట్టే కొట్లో పదిహేనేళ్ళు పనిచేశాడు. ఇనుమును కోసే కంప్యూటరు లేతు మెషీన్లు వచ్చాక వాటి వైర్ల సంగతి కూడా తనంతట తనే నేర్చుకున్నాడు. తెలియనిది తెలియదని ఒప్పుకోవడం మాత్రం అతనికి చేతకాదు.

కొత్త లేతు నడిపేది తలుపులమ్మ. ఎస్. రాయవరం దగ్గర పల్లె, ఐటీఐ చేసింది. ఆ షెడ్డులో మెషీను మీద పనిచేసే ఆడమనిషి ఆమె ఒక్కతే. ఆఫీసు గదిలోని కంప్యూటరు నుంచి ప్రోగ్రాము వైరు గుండా, కోత నడుస్తుండగానే, ముక్కముక్కలుగా ఆమె మెషీనుకు చేరుతుంది. క్రషింగు సీజను ముందు, పని ఒత్తిడి మీద ఉన్నప్పుడు, ఆ లైను తెగిపోవడం మొదలైంది. తెగినప్పుడల్లా మెషీను కోత మధ్యలో ఆగిపోయేది. రెండు షాఫ్టులు పాడయ్యాయి.

నానాజీ కేబుల్ మార్చాడు. చివర్ల ప్లగ్గులు కొత్తవి వేశాడు. పెద్ద మోటారు వైరు పక్కనుంచి పోతే అడ్డు తగులుతుందేమోనని కేబుల్‌ను గోడ మీదికి మళ్ళించాడు. అయినా తెగడం ఆగలేదు. నాలుగో రోజు యజమాని త్రినాధరావు అందరినీ నిలబెట్టి లోపం ఎక్కడుందని అడిగాడు. తెలియలేదనడానికి నానాజీకి నోరు రాలేదు.

“వైర్లన్నీ బాగానే ఉన్నాయండి. నా కాడ లోపం లేదు” అన్నాడు.

“అయితే మనిషి కాడే ఉంది” అన్నాడు త్రినాధరావు.

తను కేబుల్ ముట్టుకోలేదని తలుపులమ్మ రెండుసార్లు చెప్పింది. నానాజీ కేసి చూసింది. అతను టెస్టరు జేబులో పెట్టుకుంటూ తల వంచుకున్నాడు. ఆ సాయంత్రమే ఆమెను పనిలోంచి తీసేశారు.

వారం తిరక్కుండానే, ఆమె స్థానంలో వచ్చిన దేవీప్రసాద్ చేతిలోనూ మెషీను అలాగే ఆగింది. అతన్ని ఎవరూ ఏమీ అనలేదు. నానాజీకి గుబులు పట్టుకుంది. మెషీనుకున్న కేబుల్ పూర్తిగా పీకేసి, ఆఫీసు గదిలోకి వెళ్ళి, కంప్యూటరు నుంచి మెషీను నంబరును పిలిచి చూశాడు. లైను మీదున్న ఒక్కోదానికీ ఒక్కో నంబరుంటుంది. జవాబు రాకూడదు. వచ్చింది. అంటే అదే నంబరుతో మరొకటేదో పలుకుతోంది. ఒక్కో వైరూ తీసి చూసుకుంటూ పోతే కప్పు కింది కెమెరా దగ్గర తేలింది. పనివాళ్ళ మీద కన్నేసి ఉంచడానికి త్రినాధరావు కొత్తగా పెట్టించిన కెమెరా అది. బిగించినవాళ్ళు మెషీను నంబరే దానికీ ఇచ్చేశారు. మెషీనుకు పోవాల్సింది అప్పుడప్పుడు కెమెరాకు పోతోంది. నానాజీ కెమెరా నంబరు మార్చాడు. ఆపైన లైను తెగలేదు.

సంగతంతా త్రినాధరావు విన్నాడు.

“ఇప్పుడు నడుత్తంది కదా, ఇంకా ఆ గోలెందుకు?”

తలుపులమ్మను మళ్ళీ పిలవమంటే, అందరి ముందూ తీసేసిన మనిషిని పిలిస్తే తన మాటకు విలువేముంటుందన్నాడు.

ఆదివారం నానాజీ ఆమె ఊరు వెళ్ళాడు. తలుపులమ్మ కుర్చీ వేసి మంచినీళ్ళిచ్చి, అతను చెప్పిందంతా వింది.

“కేబుల్ పీకి సూడ్డానికి ఎంతసేపు పట్టింది అన్నయ్యా?”

“ఐదు నిమిషాలు. ఆ రోజు తట్టలేదమ్మా.”

“తట్టలేదని ఆ రోజే సెప్పుంటే సరిపోయేది.”

పాయకరావుపేటలో ఒక వర్క్‌షాపు వాళ్ళు ఆమెను తీసుకుంటామన్నారట. పాతచోటికి ఫోన్ చేసి కనుక్కున్నాక వద్దన్నారట. నానాజీ ఆమె ముందే వాళ్ళకు ఫోన్ చేసి జరిగింది చెప్పాడు. అవతలి మనిషి ఓపిగ్గా విని, ఆ మాట మీ ఓనరు చేత చెప్పించమన్నాడు.

మర్నాడు అడిగితే త్రినాధరావు కుదరదన్నాడు. యాభై దాటాక ఇంకోచోట పని వెతుక్కోవాలంటే నానాజీకి భయం. మరి అడగలేదు.

తలుపులమ్మ ఇప్పుడు జీడిపిక్కల ఫ్యాక్టరీకి వెళ్తోంది. నానాజీ రెండుసార్లు ఫోన్ చేశాడు, ఆమె ఎత్తలేదు. లైను బాగుచేశాడని త్రినాధరావు అతన్ని మెయింటెనెన్సు ఇన్‌ఛార్జిని చేశాడు. నానాజీ వద్దనలేదు.