చీకట్లో ఇచ్చిన నుఖుల్

నాజిక్‌కి పేరులోనే నాజూకు. మనిషి మాత్రం భుజాలు తిరిగిన మనిషి. ఇరవై ఏళ్ళుగా నిప్పుల మీద రాగి పళ్ళెం కుదుపుతూ నుఖుల్ చేస్తున్న చేతులు మరి. వేయించిన బాదంపప్పుల మీద పాకం బొట్లు బొట్లుగా పోస్తూ, పళ్ళాన్ని ఆపకుండా ఊపుతూ ఉంటే ఒక్కో పప్పు చుట్టూ తెల్లగా పంచదార బుడిపెలు కడతాయి. చెయ్యి కాస్త ఆగిందా, అంతా ముద్ద. కాబూల్‌లో కార్తె పర్వాన్ చుట్టుపక్కల ఆవిడ నుఖుల్ లేకుండా నిశ్చితార్థం జరిగిన ఇల్లు లేదు.

ఆవిడకి ఉన్న జబ్బల్లా ఒక్కటే. ఎవరినీ ఉత్త చేతులతో పంపలేదు. యుద్ధం ఊళ్ళోకి వచ్చి, పంచదార కనబడ్డమే పండగైపోయినా ఆ జబ్బు తగ్గలేదు. ఇల్లు సోదా చెయ్యడానికి తుపాకులతో వచ్చిన కుర్రాళ్ళ గుప్పిళ్ళలో నాలుగేసి నుఖుల్ పోసింది. నెల తిరక్కుండా వాళ్ళని తరిమేసినవాళ్ళు వచ్చి అదే ఇల్లు మళ్ళీ సోదా చేస్తే వాళ్ళకీ పోసింది. ఇదేం పనని పక్కింటావిడ అడిగితే, "జెండాలు మారాయి గానీ పళ్ళు అవేగా" అంది.

మొగుడు లారీ తోలుకుని మజార్ వెళ్ళాడు. సలాంగ్ కనుమ దారి మూసుకుపోయి అటే చిక్కుబడిపోయాడు. ఇంట్లో తనూ, కూతురు తూబా. తూబా డాక్టరు చదువు ఆఖరి పరీక్ష దాకా వచ్చి ఆగింది. యూనివర్సిటీ గోడలకి గుండ్లు తగిలి తలుపులు మూసేశారు. ఎప్పటికైనా ఆ పరీక్ష రాస్తాననీ, రాసేదాకా పెళ్ళి మాట ఎత్తొద్దనీ తల్లి చేత ఒట్టు వేయించుకుంది. మొగుడు కూడా పిల్ల సంగతి నీదీ పిల్లదీ అని కబురు పంపాడు. కాబట్టి భారమంతా నాజిక్ నెత్తిన పడింది. నాజిక్‌కి లేదనడం చేతకాదు.

ఎదురింట్లో గఫార్ తల్లి ఉంది. ఆవిడకి సొంత పేరొకటి ఉండే ఉంటుంది గానీ, గఫార్ పుట్టినప్పటి నుంచీ వీధిలో ఎవరికీ దానితో పనిపడలేదు. గఫార్ కరెంటు స్తంభాలెక్కి తెగిన తీగలు అతికే ఉద్యోగం చేస్తాడు. ఆ రోజుల్లో తీరిక లేని ఉద్యోగమంటే అదొక్కటే. తూబాని ఇమ్మని గఫార్ తల్లి మూడుసార్లు వచ్చింది. మూడుసార్లూ నాజిక్ టీ పోసి, ఎండుద్రాక్ష పెట్టి, పరీక్ష కానీమని చెప్పి పంపింది. నుఖుల్ మాత్రం పెట్టలేదు. పిల్లని అడగడానికి వచ్చినవాళ్ళకి రుమాల్లో మిఠాయి కట్టి ఇచ్చారంటే పిల్లనిచ్చినట్టే, ఇంక ఆ మాటకి తిరుగులేదు. అందుకని ఆవిడ వచ్చినప్పుడల్లా నాజిక్ తన రెండు చేతులూ తొడల కింద పెట్టుకుని కూర్చునేది.

మూడోసారి గఫార్ తల్లి గుమ్మంలో ఆగి, "యుద్ధం ఆగి, నీ కూతురు పరీక్ష రాసేసరికి నా కొడుకు తాతవుతాడు. అదీ పెళ్ళి కాకుండానే" అనేసి వెళ్ళిపోయింది.

అలా ఉండగా ఒక మధ్యాహ్నం నాజిక్ ఉన్న పంచదారంతా ఊడ్చి కాసిని నుఖుల్ చేస్తోంది. ఆఖరి వాయి దించిందో లేదో, కొండ మీద నుంచి రాకెట్లు మొదలయ్యాయి. ఆ వీధికి నేలమాళిగ అంటూ ఉన్నది బీబీ హాజీ ఇంట్లోనే. మక్కా వెళ్ళొచ్చిన పెద్దావిడ, వీధికంతటికీ ధర్మాలు చెప్పే మనిషి. అందరూ అటు పరిగెత్తారు. ఇల్లు పోయినా ఫరవాలేదు గానీ నుఖుల్ పోనివ్వదు నాజిక్. చేతికందిన గుడ్డలో మూటగట్టుకుని తనూ పరిగెత్తింది.

మగవాళ్ళు మెట్ల మీద, ఆడవాళ్ళు లోపల. దగ్గర్లో ఎక్కడో ఒకటి పడేసరికి పైకప్పు నుంచి మట్టి రాలి లాంతరు ఆరిపోయింది. ఆ చీకట్లో పక్కనెవరో తల తిరుగుతోందని మూలిగారు. నాజిక్ మూట తీసి ఆ ఒళ్ళో పెట్టి, "తీసుకో తల్లీ, నోరు తీపి చేసుకో" అంది. ఆ మనిషి మూటని ముద్దుపెట్టుకుని కళ్ళకద్దుకున్న అలికిడి వినబడింది. పాపం, ఎంత నీరసంగా ఉందో అనుకుంది నాజిక్.

మర్నాడు పొద్దున్న ఎదురింట్లోంచి డప్పు మోత వినబడింది. ఎవరిదో శుభకార్యమని నాజిక్ సంబరపడిపోయి, మంచి తలగుడ్డ కోసం వెతుకుతుంటే లోపల్నుంచి తూబా అడిగింది.

"అమ్మా, నేను పువ్వులు కుట్టిన రుమాలేది?"

నాజిక్ చెయ్యి పెట్టెలోనే ఆగిపోయింది. నిన్న చేతికందిన గుడ్డ అదే. చెప్పక తప్పింది కాదు. తూబా అరవలేదు, ఏడవలేదు. "నాకు ఒట్టు వేశావు" అని, పుస్తకం తీసుకుని గోడవైపు తిరిగి కూర్చుంది. అరిచినా బాగుండుననిపించింది నాజిక్‌కి.

బీబీ హాజీ దగ్గరికి పరిగెత్తింది. ఆవిడ తాపీగా విని మూడు ప్రశ్నలడిగింది. రుమాలేనా? పిల్ల చేత్తో కుట్టిందేనా? నోరు తీపి చేసుకోమన్నావా? మూడింటికీ అవుననే చెప్పాల్సొచ్చింది. ఇంక మిగిలిందేముంది, పెళ్ళి పలావుకి బియ్యం నానబొయ్యడమేనని తేల్చేసింది బీబీ హాజీ. మిఠాయి ఇచ్చి వెనక్కి పుచ్చుకున్న ఇంటికి మళ్ళీ ఎవరూ సంబంధానికి రారనీ, నాజిక్ నుఖుల్ ఇంక ఏ శుభకార్యంలోనూ పెట్టరనీ కూడా గుర్తుచేసింది. అంటే కూతురికిచ్చిన మాటో, తన బతుకుతెరువో, రెండిట్లో ఒకటి.

సాయంత్రం మళ్ళీ రాకెట్లు పడ్డాయి. మళ్ళీ అందరూ నేలమాళిగలో చేరారు. ఈసారి లాంతరు వెలుగుతోంది. గఫార్ తల్లి పట్టు తలగుడ్డ కట్టుకుని, కొత్త వియ్యపురాలి దర్జాతో నాజిక్‌కి చోటిచ్చింది. నాజిక్ కూర్చోలేదు.

"గఫార్ తల్లీ, నిన్న నీకిచ్చింది పిల్లని కాదు, మందు. ఎవరికో తల తిరుగుతోందని ఇచ్చాను. అది నువ్వని కూడా నాకు తెలీదు."

మూలనెవరో నవ్వాపుకోలేక దగ్గారు.

"వీధి వీధంతా పంచానే నేను. ఇప్పుడు వాళ్ళ కడుపుల్లోంచి తీసి నీకప్పగించనా?" అంది గఫార్ తల్లి.

"వద్దు. పొరపాటు నాదేనని రేపు నేనే గడపగడపకీ వెళ్ళి చెప్పుకుంటాను."

"చెప్పుకున్నాక ఆ మొహం ఏం చేసుకుంటావు?"

"ఏం చేసుకుంటాను, కడుక్కుంటాను. కుళాయిలో నీళ్ళొస్తే."

గఫార్ తల్లి చటుక్కున అటు తిరిగిపోయింది. కానీ ఆ నేలమాళిగలో అలగడానికి కూడా చోటు లేదు. అలిగినావిడ వీపు, అలిగించినావిడ మోకాళ్ళకే ఆనింది. ఇద్దరి మీదా ఒకటే బొంత.

మర్నాడు నాజిక్ అన్నంత పనీ చేసింది. ప్రతి ఇంట్లోనూ కూర్చోబెట్టి టీ ఇచ్చారు, కథంతా మొదటి నుంచీ చెప్పించుకున్నారు, చీకట్లో ముద్దుపెట్టుకున్న చోటు రెండేసిసార్లు చెప్పించుకున్నారు. ఇల్లు చేరేసరికి ఆవిడ కడుపు నిండా టీ, చెవుల నిండా నవ్వులు. నుఖుల్ కావాలన్నవాళ్ళు మాత్రం ఒక్కరూ లేరు.

ఆ సాయంత్రం నేలమాళిగలో గఫార్ తల్లికి మళ్ళీ తల తిరిగింది. నాజిక్ మంచినీళ్ళ గ్లాసు అందించబోతే వెనక్కి జరిగింది.

"నీ చేతి నీళ్ళు కూడా నాకొద్దు. తాగాక ఏమవుతుందో."

అప్పుడు తూబా లేచొచ్చి, ఆవిడ చెయ్యందుకుని నాడి చూసింది. కళ్ళు చూసింది. రక్తం తక్కువగా ఉందనీ, ఎండుద్రాక్ష రోజూ నానబెట్టుకుని తినమనీ చెప్పింది. గఫార్ తల్లి ఆ పిల్ల చేతిని వదల్లేదు.

"నువ్వే చెప్పు తూబా జాన్. అవునా, కాదా?"

తూబా తాపీగా అంది:

"ఇవాళ్టికి కాదు ఖాలా. ఎప్పటికీ కాదనీ అనను. పరీక్ష రాశాక రండి. వచ్చినప్పుడు నన్నడగండి, మా అమ్మని కాదు. ఆవిడ చేతులు ఆవిడ మాట వినవు."

నేలమాళిగంతా గొల్లుమంది. బీబీ హాజీ కూడా జపమాల పక్కనపెట్టి నవ్వింది.

"ఇంకోటి" అంది తూబా. "ఈలోగా మీ అబ్బాయిని ఆ గడ్డం తీసెయ్యమనండి. స్తంభం మీదుంటే కాకిగూడేమోననుకుంటున్నాను."

నవ్వకూడదని గఫార్ తల్లి అటు తిరిగి పెదవి బిగించింది గానీ, బొంత కింద ఆవిడ వీపు కదలడం నాజిక్ మోకాళ్ళకి తెలిసింది. కాసేపటికి అటు తిరిగే చెయ్యి వెనక్కి చాపి, ఆ నీళ్ళేవో ఇటియ్యమంది.

ఆ తర్వాత రెండో రోజు పొద్దున్న కుళాయి దగ్గర గఫార్ ఎదురుపడ్డాడు. గడ్డం లేదు. దాని బదులు మొహం నిండా కాగితం ముక్కలు అంటించి ఉన్నాయి. నాజిక్‌ని చూసి సలాం చెప్పబోయి బిందె వదిలేశాడు. ఉన్న నీళ్ళు కాస్తా వీధి పాలయ్యాయి. నాజిక్ తలగుడ్డ కొంగు నోటికడ్డం పెట్టుకుని, తన ఖాళీ బిందెతోనే ఇంటికి పరిగెత్తింది.

"తీసేశాడే" అంది గుమ్మంలోంచే.

"నున్నగా తీశాడా?" అంది తూబా, తలెత్తకుండా.

"నున్నగానా? మొద్దుబారిన బ్లేడేమో, నాలుగు చోట్ల కోసుకున్నాడు."

తూబా పుస్తకం మూసి, ఇంట్లో దూది ఎక్కడుందని అడిగింది.